రెండు రాత్రుల్లో ఒక ఆట

ఇవాళ కంప్యూటరు ఆటల గురించి మాటాడబోతున్నానంటే మీలో సగంమంది రేడియో కట్టేసి పప్పు తాలింపు చూసుకోడానికి వెళిపోతారని నాకు తెలుసు. కాస్త ఆగండి. నేను చెప్పబోయేది ఆట ఆడడం గురించి కాదు, తయారుచెయ్యడం గురించి. అదీ రెండు రాత్రులూ రెండు పగళ్ళలో. మీ ఇంట్లో ఇంజనీరింగు చదివే పిల్లలుంటే ఇవాళ కాకపోతే రేపు ఈ గొడవ మీ గుమ్మంలోకీ వస్తుంది. మా వాళ్ళింటికి వచ్చేసింది.

మా అన్నయ్య వాళ్ళది మల్కాపురం. ఒక శుక్రవారం సాయంత్రం వదిన ఫోను చేసింది. "నువ్వొకసారి రావాలమ్మా. ఇది గదిలో దూరి తలుపేసుకుంది. ఆదివారం సాయంత్రందాకా పలకరించొద్దంటోంది. పై వారం పరీక్షలు. ఏదో జామంట!" అంది. జామంటే మా వదినకి తెలిసినది రొట్టె మీద రాసుకునేదీ, గాజువాక జంక్షన్లో లారీలు ఆగిపోయేదీను. నాకూ అంతకన్నా ఏమీ తెలీదు. చీర మార్చుకుని బస్సెక్కేను.

వెళ్ళేసరికి మా మేనకోడలు మంచం మీద కంప్యూటరు పెట్టుకుని, చుట్టూ గళ్ళకాయితాలు పరుచుకుని కూర్చుంది. "నువ్వూ తిట్టడానికే వచ్చేవా అత్తా?" అంది. "ముందు సంగతేమిటో చెప్పవే, తరవాత తిడతాను" అన్నాను. అప్పుడు చెప్పుకొచ్చింది.

మీరు అవధానం చూసే ఉంటారు. పృచ్ఛకుడు సమస్య ఇస్తాడు. అవధాని అక్కడికక్కడే పద్యం కట్టాలి. ఇంట్లో రాసుకొచ్చిన పద్యం చెల్లదు. గేమ్ జామ్ కూడా అలాంటిదే. గంట కొట్టినట్టు ఒకేసారి అందరికీ ఒక మాటో, ఒక బొమ్మో, ఒక శబ్దమో ఇస్తారు. దాన్ని ఆధారం చేసుకుని, చెప్పిన గడువులోగా, తరచు 48 గంటల్లో, ఆడడానికి పనికొచ్చే ఆట ఒకటి పూర్తిచేసి పంపాలి. జామ్ అన్న మాట పాశ్చాత్య సంగీతం నుంచి వచ్చింది. నలుగురు వాయిద్యగాళ్ళు కూర్చుని ముందేమీ అనుకోకుండా కలిసి వాయించుకుంటే దాన్ని అలా అంటారు.

ఈ ఆచారం మరీ పాతదేం కాదు. 2002 మార్చిలో అమెరికాలోని ఓక్లండ్‌లో ఆటలు తయారుచేసే పనివాళ్ళు కొందరు ఒకచోట చేరి ఇలాంటిదొకటి జరిపేరు. అదే సంవత్సరం ఇంటర్నెట్ మీద లూడమ్ డేర్ అనే పోటీ మొదలైంది. 2009 జనవరిలో గ్లోబల్ గేమ్ జామ్ పేరున 23 దేశాల్లో 53 చోట్ల ఒకే వారాంతంలో కూర్చున్నారు. ఇచ్చే సమస్యలు వింటే మీకు ముచ్చటేస్తుంది. 2013లో గ్లోబల్ గేమ్ జామ్ వాళ్ళు మాటే ఇవ్వలేదు, గుండె కొట్టుకునే చప్పుడు వినిపించి ఊరుకున్నారు. 2019లో, ఇల్లంటే నీకేమిటి అని అడిగేరు. ఆ రెండోది మనల్ని అడిగి ఉంటే మనం 48 గంటలూ మాటాడేవాళ్ళం!

ఆ శుక్రవారం మా పిల్లకి వచ్చిన సమస్య ఒకే ఒక్క మాట: బరువు.

ఇక్కడ మా వదిన పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. ఆవిడ కోపం ఉత్తినే వచ్చింది కాదు. ముందటేడు కూడా ఈ పిల్ల ఇలాగే కూర్చుంది. గడువు అయిపోయేసరికి ఆట సగంలోనే ఉంది. రెండ్రోజులు అన్నం మానేసి ఏడిచింది. ఈసారి కూడా పూర్తి కాకపోతే మళ్ళీ ఈ ఊసెత్తనని తండ్రికి మాటిచ్చి కూర్చుంది. అంటే ఆ గదిలో నడుస్తున్నది మనమనుకునే కాలక్షేపం కాదు. ఇంకో సంగతి. ఆటలంటే పేకాటలాగా డబ్బు పెట్టి ఆడేవని వదిన భయం. అలా డబ్బు ఒడ్డి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసి నిషేధించింది. దానికీ దీనికీ సంబంధం లేదని ఆవిడకి నచ్చచెప్పడానికే రెండు కాఫీలు పట్టేయి.

ఇప్పుడు అసలు పనిలోకి వద్దాం. పిక్సెల్ ఆర్ట్ అంటే గళ్ళలో రంగులు నింపి వేసే బొమ్మ. మ్యాటీ గుడ్డ మీద క్రాస్ స్టిచ్ కుట్టిన చేతులకి దీన్ని వేరే నేర్పక్కర్లేదు. గడి నిండా ఒకే రంగు, సగం గడి అన్నది లేదు, వంకర గీత కావాలంటే మెట్లు మెట్లుగానే రావాలి. మనం చిలకనీ గులాబీనీ ఎలా కుట్టేవాళ్ళమో వాళ్ళు రాకెట్టునీ రాక్షసినీ అలా వేస్తారు. మామూలు ఫోను తెరమీద వెడల్పున 1080, పొడుగున 1920 చుక్కలుంటే మొత్తం 20 లక్షల పైచిలుకు. రెండు రోజుల్లో అంత తెర ఎవరు నింపగలరు? అందుకని మా పిల్ల 128 గళ్ళ వెడల్పూ 128 గళ్ళ ఎత్తూ ఉన్న చిన్న తెర తీసుకుంది. ఒక్కొక్క ఓడకీ 16 వరసలు, వరసకి 16 గళ్ళు. ముగ్గుల పుస్తకంలో పదహారు చుక్కలు పదహారు వరసలు అని ఉంటుందే, సరిగ్గా అంతే. 256 గళ్ళలో ఓడ ఓడలా కనబడాలి.

పిక్సెల్ అన్న మాటకి అంతరిక్షంతో పుట్టుసంబంధం ఉందని నాకు తెలిసినప్పుడు భలే సరదా వేసింది. 1965లో అమెరికాలోని జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీలో ఫ్రెడరిక్ బిల్లింగ్స్‌లీ అనే ఆయన, అంతరిక్షనౌకలు పంపే ఫొటోల గురించి రాస్తూ ఆ మాట అచ్చులో వాడేడు. ఆ ఏడాది జులైలోనే మేరినర్ 4 అనే నౌక కుజగ్రహం పక్కనుంచి దూసుకుపోతూ ఫొటోలు తీసింది. ఒక్కో ఫొటోకి 200 వరసలు, వరసకి 200 చుక్కలు. తెలుపు నుంచి నలుపుదాకా 64 మెట్లు. ఏ చుక్కకి ఏ మెట్టో అంకెల్లో పంపేది. ఒక్క ఫొటో భూమికి చేరడానికి సుమారు 8 గంటలు! అంకెలు వచ్చి పడుతున్నాయి, కంప్యూటరు బొమ్మ తయారుచేసేదాకా అక్కడి ఇంజనీర్లకి ఓపిక లేకపోయింది. అంకెలు అచ్చయిన కాయితం పట్టీలు వరసగా అతికించి, చిత్రకారుల సామాన్లమ్మే దుకాణం నుంచి రంగుసుద్దలు తెప్పించి, ఏ అంకెకి ఏ రంగో చూసుకుంటూ చేత్తో నింపేరు. అంతరిక్షనౌక దగ్గరనుంచి తీసిన కుజుడి మొదటి ఫొటో, గళ్ళలో రంగులు నింపుకుంటూ వేసిన బొమ్మగా కళ్ళబడిందన్నమాట. దానికి ఫ్రేము కట్టి దాచుకున్నారు.

బొమ్మ వెయ్యడంలో కిటుకులు కొన్ని చెప్పింది. మొదట నల్లటి నీడలా ఒకే రంగుతో ఆకారం నింపాలి. ఆ నీడ చూసి ఓడో కాదో పోల్చుకోలేకపోతే ఎన్ని రంగులు వేసినా దండగే. రంగులు పదహారు మించకూడదని తనకి తనే నియమం పెట్టుకుంది. పట్టుదారాల పెట్టెలో ఉన్న ఉండలతోనే సరిపెట్టుకున్నట్టు. వెలుగు పైనుంచి ఎడమవేపుగా పడుతోందనుకుంటే ప్రతి బొమ్మకీ ఆ పక్కే లేతరంగు. మెట్లుమెట్లుగా కనబడే గీత మరీ ముళ్ళలా ఉంటే ఆ మూలలో రెండు రంగులకీ మధ్యరంగు ఒక్క గడి పెడితే కంటికి నున్నగా ఉంటుంది. రాకెట్టు మంట కదలడానికి రెండే బొమ్మలు, ఒకటి పొడుగు మంట, ఒకటి పొట్టి మంట. రెంటినీ మార్చి మార్చి చూపిస్తే చాలు, భగభగ మండుతున్నట్టే ఉంటుంది.

ఆట ఆలోచన మాత్రం కంప్యూటరులోంచి రాలేదు, మా అన్నయ్య నోట్లోంచి వచ్చింది. ఆయన పోర్టులో చేసి రిటైరయేడు. రాత్రి భోజనాల దగ్గర, "బరువంటే ఇనపరాయి నింపుకున్న ఓడదే బరువు" అని మొదలుపెట్టేడు. మన హార్బరు దారి డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనుంచి ఇరుగ్గా ఉంటుంది కదా. 1933 అక్టోబరులో జలదుర్గ అనే ఓడ వచ్చి ఈ రేవు ప్రారంభమైంది. అప్పటినుంచి ఇప్పటిదాకా ఎంత గొప్ప కెప్టెనైనా సముద్రంలో ఆగి, మన పోర్టు పైలట్ ఎక్కేక ఆయన చెప్పినట్టు లోపలికి రావలసిందే. టగ్గులు తోస్తాయి, లాగుతాయి. నిండు ఓడ ఇంజను ఆపినంతమాత్రాన ఆగదు, చాలా దూరం పోతూనే ఉంటుంది. కాబట్టి కనబడకముందే ఆపడం మొదలెట్టాలి. ఇదంతా మేం వందసార్లు విన్నదే. నేను పెరుగన్నం కలుపుకుంటున్నాను. పిల్ల కంచంలో చెయ్యి కడిగేసుకుని గదిలోకి పరిగెత్తింది.

ఆట అదే. పేరు టగ్గు. అంతరిక్షంలో ఒక రేవు. దూరం నుంచి రాళ్ళు నింపుకున్న ఓడలొస్తాయి. మన చిన్న టగ్గు తాడేసి వాటిని ఇరుకు దారిలోంచి లాక్కొచ్చి గోడకి తగలకుండా రేవులో పెట్టాలి. తుపాకులు లేవు, శత్రువుల్లేరు.

ఇందులో శాస్త్రం ఉంది, భయపడకండి, చిన్నదే. యంత్రం సెకనుకి 60 సార్లు తెర మొత్తం చెరిపి మళ్ళీ గీస్తుంది. ప్రతి ఓడకీ రెండు అంకెలు గుర్తుపెట్టుకుంటుంది. ఎక్కడుంది, ఎంత వేగంగా పోతోంది. గీసిన ప్రతిసారీ వేగాన్ని స్థానానికి కలుపుతుంది. మనం మీట నొక్కినంతసేపూ వేగానికి ఒక పిసరు కలుపుతుంది. మీట వదిలేస్తే ఆ పిసరు కలపడం మానేస్తుందంతే, వేగం మాత్రం ఎంత ఉన్నది అంతే ఉంటుంది. అంతరిక్షంలో గాలీ నీళ్ళూ లేవు కదా, ఆపేదెవరు? ఆగాలంటే వెనక్కి తిరిగి మంట మండించాలి. మరి బరువెలా తెలుస్తుంది? ఆ పిసరులోనే. ఖాళీ టగ్గుకి గడిలో పదోవంతు కలిపితే, రాళ్ళ ఓడ తగిలించుకున్న టగ్గుకి నలభయ్యోవంతు కలపాలి. కదలడానికీ నాలుగింతలు సేపు, ఆగడానికీ నాలుగింతలు సేపు. ఇంత చిన్న కూడికలో మా అన్నయ్య ముప్పయ్యేళ్ళ ఉద్యోగం ఇమిడిపోయింది.

ఇలాంటి ఆట ఊహ కొత్తదేం కాదు. 1969లో మనిషి చంద్రుడి మీద దిగిన సంవత్సరమే, జిమ్ స్టోరర్ అనే అమెరికా హైస్కూలు కుర్రాడు చంద్రుడి మీద నౌకని దింపే ఆట రాసేడు. అందులో బొమ్మే లేదు, అంకెలు తప్ప. ఎంత ఎత్తు, ఎంత వేగం, ఎంత ఇంధనం అని యంత్రం చెప్తుంది, ఎంత మండించాలో మనం చెప్పాలి. మన రాష్ట్రంలోని శ్రీహరికోట నుంచి 2023 జులై 14న బయల్దేరిన చంద్రయాన్-3 ఆగస్టు 23 సాయంత్రం దిగుతున్నప్పుడు టీవీలో వేగం అంకె తగ్గుతూంటే మనందరం ఊపిరి బిగబట్టి చూడలేదూ? 2019లో చంద్రయాన్-2 దిగేటప్పుడు ఆ వేగం అదుపు తప్పే కదా కన్నీళ్ళు పెట్టుకున్నాం.

శనివారం అంతా తప్పులు దిద్దడంతోనే సరిపోయింది. అందులో ఒకటి చెప్తాను. వేగం పెరిగితే ఓడ గోడలోంచి దెయ్యంలా అవతలికి పోతోంది. ఎందుకో చూడండి. గోడ మందం 4 గళ్ళు. ఓడ నడిమి చుక్క గోడలో పడిందా లేదా అని యంత్రం గీసినప్పుడల్లా ఒకసారి చూసుకుంటుంది. ఓడ ఒక్క గెంతుకి 6 గళ్ళు పోతోందనుకోండి. ఒకసారి చూసినప్పుడు గోడకి ఇవతల, రెండోసారి చూసేసరికి అవతల. మధ్యలో ఏం జరిగిందో యంత్రానికి తెలీదు. మనం పొయ్యి మీద పాలు పెట్టి పక్కింటావిడతో మాటాడి వచ్చినట్టు! వేగం గెంతుకి 3 గళ్ళు మించకుండా హద్దు పెట్టేసరికి దెయ్యం వదిలింది.

ఇంకో తప్పుని మాత్రం దిద్దకుండా ఉంచేసుకుంది. తాడు లెక్క ఎక్కడో తేడా వచ్చి, లాగుతున్న ఓడ వెనక తోకలా అటూ ఇటూ ఊగుతోంది. మొదట తల పట్టుకుంది. ఆడిచూస్తే అదే మజాగా ఉంది. ఇలాంటిదే జపానులో ఒకసారి జరిగిందని తనే చెప్పింది. 1978లో తోమోహిరో నిషికాదో స్పేస్ ఇన్వేడర్స్ అనే ఆట చేసేడు. పీతలూ ఆక్టోపస్‌లూ పోలిన గ్రహాంతరవాసులు వరసలు కట్టి కిందికి దిగుతూంటే కొట్టడం. అన్నిటినీ గియ్యడానికి ఆనాటి యంత్రానికి శక్తి చాలక నత్తలా నడిచేది. కొన్ని చచ్చేసరికి గియ్యవలసినవి తగ్గి, మిగిలినవి జోరుగా కదిలేవి. ఆఖరుకి మిగిలిన ఒక్కటీ పిచ్చెత్తినట్టు పరిగెత్తేది. ఆడేవాళ్ళకి గుండె దడ పుట్టించే ఆ జోరు ఎవరూ అనుకుని పెట్టినది కాదు. ఆయన దాన్ని అలాగే ఉండనిచ్చేడు.

శనివారం రాత్రి తొమ్మిదికి అసలు చిక్కు వచ్చింది. అయిదు ఓడలు, అయిదు దార్లు అని రాసుకుంది. అప్పటికి తయారైనది ఒక్కటే. ముందటేడు సరిగ్గా ఇక్కడే మునిగిందిట. అయిదింటికీ ఆశపడి, తెల్లవార్లూ కూర్చుని, అయిదూ సగం సగం చేసింది. ఈసారి కాయితం తీసి రెండు ఓడలు కొట్టేసింది. పాట కూడా కొట్టేసింది, హారను మోతా తాడు బిగిసే చప్పుడూ చాలంది. కొట్టేస్తూంటే దాని మొహం చూడాలి, పెళ్ళి పిలుపుల్లో చుట్టాల పేర్లు తీసేస్తున్నట్టే ఉంది. పన్నెండింటికి వదిన వెళ్ళి దీపం ఆర్పింది. అయిదున్నరకి లేపుతానని ఒట్టేస్తేగాని పిల్ల పడుకోలేదు. లేపింది కూడా. మీ ఇంట్లోనూ ఈ ఒక్కటీ చెయ్యండి. నిద్ర లేని కళ్ళు చేసిన తప్పు దిద్దడానికి రెండింతలు సేపు పడుతుంది. కాలేజీలోనో ఆఫీసులోనో రాత్రంతా జరిగే జామ్‌కి ఆడపిల్ల వెళ్తానంటే, వెంటనే వద్దనకండి. బాధ్యులెవరు, ఆడపిల్లలు నడుం వాల్చడానికి వేరే గది ఉందా, రాత్రి ఇంటికొచ్చి పొద్దున్న వెళ్ళనిస్తారా, ఈ మూడూ అడగండి. ఇంట్లో కూర్చుని పాల్గొనేవీ చాలా ఉన్నాయి. సాధనాలకి డబ్బు కూడా అక్కర్లేదు. బొమ్మలకి పిస్కెల్, ఆటకి గోడో, రెండూ ఉచితంగా దొరికేవే.

ఆదివారం పొద్దున్న మా వదినకి ఉద్యోగం దొరికింది. ఆట ఎప్పుడూ ఆడని మనిషి చేత ఆడించి చూడాలిట. అందుకో నియమం ఉంది, తయారుచేసినవాళ్ళు నోరు విప్పకూడదు. ఇలా నొక్కమ్మా అలా నొక్కమ్మా అని చెప్పకూడదు, చూస్తూ రాసుకోవాలి. వదిన చేతులు తుడుచుకుని వచ్చి కూర్చుంది. బాణం మీట నొక్కి పట్టుకుంది. టగ్గు తెరదాటి పోయింది. "ఇది ఆగదేమిటే? మీ నాన్న చెప్పిన ఓడలాగే ఉంది!" అంది. రెండోసారి గోడకి కొట్టింది. మూడోసారి, "ఓడేదో రాయేదో తెలిసి చావడం లేదు, అన్నీ బూడిదరంగే" అని విసుక్కుంది. పిల్ల గబగబా రాసుకుంది. నిజమే కదండీ, రెండ్రోజులు అదే చూసినవాళ్ళ కంటికి అది కనబడదు. కూర రుచి వండినవాళ్ళకి తెలియనట్టే. అరగంటలో టగ్గు నడుముకి పసుప్పచ్చ పట్టీ వచ్చింది. మొదటి ఓడ ఖాళీ ఓడైంది, ఆగడం నేర్చుకోడానికి. తెర అడుగున మీటల గుర్తులు వచ్చేయి. వదిన మళ్ళీ కూర్చుంది. పదకొండింటికి ఖాళీ ఓడని రేవులో పెట్టింది. పన్నెండింటికి రాళ్ళ ఓడ. ఆవేళ మాకు భోజనాలు రెండున్నరకి.

సాయంత్రం ఆరింటికి గడువు. అయిదూ నలభైకి పంపేసింది. మూడు ఓడలు, మూడు దార్లు, పాట లేదు, మొదలూ చివరా ఉన్న ఆట.

ఇలాంటి వాటివల్ల ఒరిగేదేమిటని అడుగుతారు. అందరికీ ఏదో ఒరుగుతుందని నేను చెప్పను. 2015లో ఇద్దరు స్నేహితులు నాలుగు రోజుల్లో చేసిన చిన్న పిక్సెల్ ఆట సెలెస్ట్, 2018లో పెద్ద ఆటగా బయటికొచ్చి లోకమంతా పేరు తెచ్చుకుంది. అది లక్షలో ఒకటి. హైదరాబాదులో ఆటలు తయారుచేసే సంస్థలున్నాయి. 2024 నవంబరులో దేశంలోని ఆటల తయారీదార్ల సమావేశం అక్కడే జరిగింది. ఉద్యోగానికి వెళ్తే, నువ్వు పూర్తిచేసినది ఒకటి చూపించమంటారని మా పిల్ల చెప్తోంది. ఇప్పుడు దానికి చూపించడానికి ఒకటుంది.

పోటీలో బహుమతేమీ రాలేదు. నలభైమందిదాకా ఆడి రాసేరు. ఎక్కడో బ్రెజిల్‌లో ఒకాయన, తాడు ఊగడం చాలా బాగుంది, అది ఎలా చేసేవని అడిగేడు. ఏమని జవాబివ్వాలో దీనికి తెలీలేదు. పరీక్షలూ రాసింది. లెక్కల పేపర్లో మార్కులు కాస్త తగ్గేయి, దానికి నా పూచీ ఎంతో వదిన ఇంకా లెక్క తేల్చలేదు. మూడో ఓడని మాత్రం ఆవిడ ఇప్పటికీ గోడకి కొట్టకుండా రేవులో పెట్టలేకపోతోంది. అన్నయ్య పక్కన నుంచుని, "ముందే ఆపాలి, ముందే ఆపాలి" అంటూంటాడు. ఆవిడ ఫోను ఆయన చేతికిచ్చి చూసింది. ఆయన రెండో ఓడ దగ్గరే ఉన్నాడు.